పొంగిన పసి నక్షత్రం

చెరుకు రసం కాగుతూంటే మీరెప్పుడైనా దగ్గర నిలబడి చూశారా? బోధన్ చుట్టుపక్కల ఊళ్ళలో పెరిగిన పిల్లలకు ఇది కొత్త సంగతి కాదు. పెద్ద పెనంలో రసం చాలాసేపు నిమ్మళంగా కాగుతూ ఉంటుంది. ఉన్నట్టుండి పొంగు వస్తుంది. పొయ్యి దగ్గర ఉన్న మనిషి ఆ క్షణంలో పక్కకు తిరిగి కబుర్లు చెబుతున్నాడా, ఇక అంతే! పొంగు ఎప్పుడు వస్తుందో గడియారం చూసి చెప్పటం సాధ్యం కాదు. కళ్ళప్పగించి కనిపెట్టుకుని ఉండటం ఒక్కటే దారి.

ఆకాశంలో కూడా ఇలా పొంగే నక్షత్రాలు ఉన్నాయి. అవి ముసలి నక్షత్రాలు కావు, పసి నక్షత్రాలు. ఇంకా పుట్టి, పెరుగుతూ ఉన్నవి. వాటిని కనిపెట్టి ఉండేవాళ్ళలో పెద్ద పెద్ద వేధశాలల శాస్త్రజ్ఞులతో పాటు దుకాణం నడిపేవాళ్ళూ, గుమాస్తాలూ, బడి పంతుళ్ళూ, విద్యార్థులూ కూడా ఉన్నారంటే మీకు ఆశ్చర్యం కలగవచ్చు. నిజానికి వాళ్ళే లేకపోతే కొన్ని గొప్ప సంగతులు మనకు ఎన్నటికీ తెలిసేవి కావు. అలాటి సంగతి ఒకటి చెబుతాను, వినండి.

వేసవిలో రాత్రిపూట దక్షిణంగా చూస్తే వృశ్చికరాశిలో ఎర్రగా మెరిసే జ్యేష్ఠ నక్షత్రం కనిపిస్తుంది. దానికి దక్షిణంగా, కాస్త పడమరగా ఒక నక్షత్రమండలం ఉన్నది. దాని పేరు లూపస్, అనగా తోడేలు. అందులో ఇ.ఎక్స్. లూపి అనే చిన్న నక్షత్రం ఉన్నది. అది మనకు సుమారు 500 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నది. నిజామాబాదు నుంచి చూస్తే ఆ నక్షత్రం ఎంత పైకి వచ్చినా, దిగంతానికీ నడినెత్తికీ మధ్య ఉన్న ఎత్తులో సుమారు మూడోవంతు దాకానే వస్తుంది. మామూలు రోజుల్లో అది వట్టి కంటికి గాని, బైనాక్యులర్సుకు గాని చిక్కదు. మంచి టెలిస్కోపు కావాలి.

నక్షత్రాల ప్రకాశాన్ని తరగతులుగా లెక్కిస్తారని మీరు విని ఉంటారు. బడిలో మొదటి ర్యాంకు వాడు అందరికన్నా గొప్ప గదా, ఇక్కడా అంతే. అంకె చిన్నదయ్యే కొద్దీ ప్రకాశం ఎక్కువ. వట్టి కంటికి కనిపించే మసక నక్షత్రాలు ఆరో తరగతివి. అయిదు తరగతుల తేడా ఉంటే ప్రకాశంలో నూరు రెట్లు తేడా ఉన్నట్టు లెక్క. ఇ.ఎక్స్. లూపి మామూలుగా పదమూడో తరగతి నక్షత్రం.

2008 జనవరిలో ఈ నక్షత్రం పొంగటం మొదలుపెట్టింది. చూస్తూండగానే అది ఎనిమిదో తరగతికి వచ్చేసింది. అంటే నూరు రెట్లు ప్రకాశం పెరిగిందన్న మాట. ఆ రోజుల్లో బోధన్ పొలాల గట్టు మీద నిలబడి, సరైన చోటు తెలుసుకుని బైనాక్యులర్సుతో చూసిన వాడికి కూడా అది కనిపించి ఉండేది.

ఈ పొంగును గమనించి లోకానికి చెప్పినవాడు ఆల్బర్ట్ జోన్స్. న్యూజీలాండ్ దేశస్థుడు. అప్పటికి ఆయన వయస్సు 87 సంవత్సరాలు! జనవరి నెలలో ఇ.ఎక్స్. లూపి అర్ధరాత్రి దాటాక గాని సరిగా కనిపించదు. ఆ వయస్సులో, ఆ వేళప్పుడు నిద్ర మానుకుని నక్షత్రాలు చూడమని ఆయనను ఎవరూ అడగలేదు. దానికి ఆయనకు ఎవరూ జీతం ఇవ్వలేదు. ఆయన వాడిన టెలిస్కోపు స్వయంగా తయారుచేసుకున్నదే. దాని అద్దం వ్యాసం పన్నెండున్నర అంగుళాలు. ఆయన జీవితకాలంలో అయిదు లక్షలకు పైగా నక్షత్ర పరిశీలనలు చేశాడు. 1946లో ఒక నక్షత్రం కోసం ఆకాశాన్ని వెతుకుతూ ఒక కొత్త తోకచుక్కను కనిపెట్టాడు. మళ్ళీ 2000లో, 80 ఏళ్ళ వయస్సులో, ఇంకొక తోకచుక్కను కనిపెట్టినవాళ్ళలో ఒకడయ్యాడు.

జోన్స్ పంపిన కబురు అందగానే లోకంలోని ఖగోళశాస్త్రజ్ఞులు అప్రమత్తులయ్యారు. పొంగు తగ్గకముందే ఆ నక్షత్రాన్ని పెద్ద పరికరాలతో చూడాలి. అప్పట్లో స్పిట్జర్ అనే టెలిస్కోపు అంతరిక్షంలో ఉండేది. అది 2003 నుంచి 2020 దాకా పనిచేసింది. మన కంటికి కనిపించని పరారుణ కాంతిని, అనగా వేడి వెదజల్లే కాంతిని, అది చూడగలిగేది. 2008 ఏప్రిల్ 21న దాన్ని ఇ.ఎక్స్. లూపి వైపు తిప్పారు. హంగేరీకి చెందిన పీటర్ ఆబ్రహామ్, ఆయన తోటి శాస్త్రజ్ఞులు ఆ కాంతిని పరీక్షించి 2009 మే నెలలో ఒక వింత సంగతి ప్రకటించారు.

ఆ సంగతి ఏమిటో తెలియాలంటే, ముందు ఈ పసి నక్షత్రాలు ఎందుకు పొంగుతాయో తెలియాలి.

నక్షత్రం వాయువూ, ధూళీ కలిసిన మేఘం నుంచి పుడుతుంది. మేఘంలోని పదార్థమంతా ఒక్కసారే నక్షత్రంలో వచ్చి పడదు. చాలా భాగం నక్షత్రం చుట్టూ పళ్ళెంలాగా ఏర్పడి, గిరగిరా తిరుగుతూ, కొంచెం కొంచెంగా లోపలికి జారుతుంది. ముందు ముందు గ్రహాలూ, తోకచుక్కలూ తయారయేది ఈ పళ్ళెంలోని పదార్థంతోనే.

నిజాంసాగర్ కాలవల కింద వ్యవసాయం చేసేవారికి ఒక సంగతి తెలుసు. తూముకు చెత్త అడ్డం పడితే నీళ్ళు వెనక నిలిచి మట్టం పెరుగుతుంది. అవతల పొలానికి సన్నని ధార మాత్రమే పోతుంది. ఎప్పుడో ఆ అడ్డు తొలగిపోతే నిలిచిన నీళ్ళన్నీ ఒక్క ఊపున వచ్చి పడతాయి. పసి నక్షత్రం దగ్గరా ఇటువంటిదే జరుగుతుంది. పళ్ళెం లోపలి అంచున పదార్థం పోగుపడి, ఒక్కసారిగా నక్షత్రం మీద వచ్చి పడుతుంది. పడ్డప్పుడు విపరీతమైన వేడీ, వెలుగూ పుడతాయి. అదే పొంగు. అడ్డు వేసేది నక్షత్రపు అయస్కాంత బలమా, మరొకటా అన్న విషయం మీద శాస్త్రజ్ఞులు ఇంకా తర్కించుకుంటున్నారు. అందుకే వాళ్ళకు ఒక్కొక్క పొంగూ అమూల్యమైనది.

ఇక ఆ వింత సంగతి. స్పిట్జర్ 2005లో కూడా ఒకసారి ఇ.ఎక్స్. లూపిని చూసింది. అప్పుడు నక్షత్రం నిమ్మళంగా ఉన్నది. దాని చుట్టూ ఉన్న ధూళి గాజులాటి ధూళి. అందులోని అణువులకు ఒక వరుస, పద్ధతి లేదు. 2008 పొంగులో చూసేసరికి అదే ధూళిలో స్ఫటికాలు కనిపించాయి! ఫార్‌స్టరైట్ అనే ఖనిజపు స్ఫటికాలు. మూడేళ్ళ కిందట లేని స్ఫటికాలు ఎక్కడి నుంచి వచ్చాయి?

పాకాన్ని గబుక్కున చల్లారిస్తే గాజులాగా గట్టిపడుతుంది. మెల్లిగా చల్లారనిస్తే పలుకు కడుతుంది. పటికబెల్లం ముక్క పట్టుకుని చూస్తే నున్నని పలకలు కనబడతాయి, అది స్ఫటికం. చక్కెరా ఒకటే, అణువులూ అవే. వరుసలో నిలబడటానికి వాటికి అవకాశం దొరికిందా లేదా అన్నదే తేడా. ధూళి విషయం ఇంతకన్న కొంచెం వేరు. అది కరిగి పాకం కాలేదు. నక్షత్రం పొంగినప్పుడు సుమారు 700 డిగ్రీల సెంటిగ్రేడుకు మించిన వేడి తగిలి, గట్టిగా ఉన్న ధూళిలోనే అణువులు కదిలి వరుసలో నిలబడ్డాయి. స్ఫటికాలు తయారవుతూండగా మనుషులు ఆకాశంలో చూడటం అదే మొదటిసారి.

ఇందులో అంత విశేషం ఏముందంటారా? తోకచుక్కలలో ఇవే స్ఫటికాలు ఉన్నాయి. 1997లో మన ఆకాశంలో అందంగా కనిపించిన హేల్-బాప్ తోకచుక్కలో వీటి జాడ దొరికింది. స్టార్‌డస్ట్ అనే నౌక మరొక తోకచుక్క నుంచి సేకరించి 2006లో భూమికి తెచ్చిన ధూళిలో కూడా ఇవి ఉన్నాయి. తోకచుక్కలు సూర్యుడికి ఎంతో దూరంలో, మంచు కరగని చలిలో పుట్టినవి గదా! 700 డిగ్రీల వేడిలో గాని తయారుకాని స్ఫటికాలు వాటి కడుపులోకి ఎలా వచ్చాయి? ఈ ప్రశ్న చాలాకాలం శాస్త్రజ్ఞులను వేధించింది. ఇ.ఎక్స్. లూపి దానికి ఒక జవాబు చూపింది. 460 కోట్ల సంవత్సరాల కిందట మన సూర్యుడు కూడా పసివాడే. అతడూ ఇలాగే పొంగి ఉంటాడు. ఆ వేడిలో కట్టిన పలుకులు కొన్ని బయటి చలిలోకి కొట్టుకుపోయి తోకచుక్కల్లో చిక్కుకుని ఉంటాయి.

ఇ.ఎక్స్. లూపి పొంగు కొద్ది నెలలకే చల్లారిపోయింది. ఆ సంవత్సరం చివరికల్లా నక్షత్రం మళ్ళీ మామూలైపోయింది. ఆ కొద్దికాలంలో ఎవరూ చూడకుండా ఉంటే ఏమై ఉండేదో ఆలోచించండి. అంతకు ముందు ఇంత పెద్ద పొంగు 1955-56లో వచ్చింది. అంటే అర్ధశతాబ్దానికి ఒక్కసారి వచ్చిన అవకాశం చేజారిపోయేది. 2022లో మళ్ళీ పొంగింది గాని, అది అంత పెద్ద పొంగు కాదు.

"పెద్ద పెద్ద టెలిస్కోపులు ఉన్నవాళ్ళే రోజూ ఆ నక్షత్రాన్ని చూడవచ్చు గదా!" అని మీరనవచ్చు. చూడలేరు. పెద్ద టెలిస్కోపు మీద ఏ రాత్రి ఎవరు ఏం చూడాలో నెలల ముందే నిర్ణయమై ఉంటుంది. ఒక్క నక్షత్రం ఎప్పుడు పొంగుతుందో అని ఏళ్ళ తరబడి దాన్ని కాపలా కాయటానికి వీలు లేదు. ఇవాళ ఆకాశాన్నంతా తమంతట తామే ఫొటోలు తీసే యంత్రాలు వచ్చాయి. అయినా అన్ని చోట్లా అన్ని రాత్రులూ ఆకాశం తెరిపిగా ఉండదు. ఒకచోట మబ్బు పడితే మరొకచోట కన్ను తెరిచి ఉండాలి. అమెరికాలో పట్టపగలు అయినప్పుడు మనకు రాత్రి. వాళ్ళు చూడలేని గంటలు మన చేతిలో ఉంటాయి. అందుకే నక్షత్రాన్ని విడవకుండా చూడాలంటే అన్ని దేశాల వాళ్ళూ కలవాలి.

చర తారలను, అనగా ప్రకాశం మారే నక్షత్రాలను, చూసేవారికి 1911లో అమెరికాలో ఒక సంఘం ఏర్పడింది. లోకం నలుమూలల నుంచి వచ్చే లెక్కలను అది ఇప్పటికీ భద్రపరుస్తున్నది. దానికి మన దేశం నుంచి లెక్కలు పంపినవారిలో రాధాగోవింద చంద్ర పేరు చెప్పుకోవాలి. ఆయన ఇప్పటి బంగ్లాదేశ్‌లోని జెస్సోర్‌లో ప్రభుత్వ ఖజానాలో చిన్న ఉద్యోగి. చదువులో పైకి రాలేకపోయాడు. కాని మూడంగుళాల చిన్న టెలిస్కోపు ఒకటి కొనుక్కుని రాత్రులు నక్షత్రాలు చూశాడు. ఆయన లెక్కలు ఎంత నమ్మకంగా ఉన్నాయంటే, అమెరికా వాళ్ళు 1926లో ఆయనకు ఆరంగుళాల టెలిస్కోపు ఒకటి సముద్రాల మీదుగా పంపారు. ఆయన మొత్తం 37 వేలకు పైగా పరిశీలనలు పంపాడు. ఆయన విశ్రాంతి తీసుకున్నాక ఆ టెలిస్కోపు వేణు బప్పు చేతికి వచ్చింది.

ఈ వేణు బప్పు మన హైదరాబాదులో పెరిగినవాడే. 1901లో స్థాపించిన నిజామియా వేధశాలలో ఆయన తండ్రి ఉద్యోగం చేశాడు. ఆ వేధశాల ఏడు లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు కొలిచి పట్టికలు తయారుచేసింది. అటువంటి చోట తిరుగుతూ పెరిగిన కుర్రవాడికి ఆకాశం మీద మోజు పుట్టటంలో ఆశ్చర్యం లేదు. విద్యార్థిగా ఉండగానే ఆయన చర తారలను పరిశీలించి వ్యాసాలు ప్రచురించాడు. హైదరాబాదు ప్రభుత్వపు విద్యార్థి వేతనంతో హార్వర్డుకు వెళ్ళి, 1949లో తోటివారితో కలిసి ఒక తోకచుక్కను కనిపెట్టాడు. తరవాత తమిళనాడులోని కావలూరులో గొప్ప వేధశాల నెలకొల్పాడు. 1979లో ప్రపంచ ఖగోళశాస్త్రజ్ఞుల సంఘానికి అధ్యక్షుడయ్యాడు. ఔత్సాహికుడికీ, శాస్త్రజ్ఞుడికీ మధ్య గోడ లేదని దీన్నిబట్టి మీకు తెలుస్తున్నది.

ఇటువంటిదే మరొక ఉదాహరణ. 2004 జనవరిలో అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో జే మెక్‌నీల్ అనే ఔత్సాహికుడు తన మూడంగుళాల టెలిస్కోపుతో ఓరయన్ మండలాన్ని ఫొటో తీశాడు. ఓరయన్‌లో వరుసగా ఉండే మూడు చుక్కలు మీకు తెలిసినవే. వాటికి కొంత దూరంలో, ఫొటోలో, ఎవరి పటంలోనూ లేని వెలుగు మరక ఒకటి కనిపించింది. విచారించగా అక్కడ ధూళిలో దాగిన పసి నక్షత్రం ఒకటి పొంగి, చుట్టూ ఉన్న మేఘాన్ని వెలిగించిందని తేలింది. పాత ఫొటోలు వెతికితే 1966లో కూడా అది అలాగే వెలిగినట్టు బయటపడింది! మన శాస్త్రజ్ఞులు కూడా లడఖ్‌లోని హన్లే దగ్గర, 4,500 మీటర్ల ఎత్తున ఉన్న హిమాలయన్ చంద్ర టెలిస్కోపుతో దాన్ని పరిశీలించారు.

ఇలా పొంగే పసి తారలను జీవితమంతా శోధించి, వాటిని రకాలుగా విడదీసిన శాస్త్రజ్ఞుడు అమెరికాకు చెందిన జార్జి హెర్బిగ్. ఆయనా, ఆల్బర్ట్ జోన్స్, ఇద్దరూ 1920లోనే పుట్టారు. ఇద్దరూ 2013లో, ఒక నెల తేడాతో, పోయారు. ఒకడు వేధశాలలో, ఒకడు తన పెరట్లో. ఇద్దరూ ఒకే నక్షత్రం కోసం రాత్రులు మేలుకున్నారు.

ఇంతకూ ప్రకాశాన్ని ఎలా లెక్కకడతారు? చాలా సులువు. మీ నక్షత్రానికి దగ్గరలోనే, ప్రకాశం మారని నక్షత్రాలు రెండు ఎంచుకోవాలి. ఒకటి మీ నక్షత్రం కంటే కాస్త ఎక్కువ వెలగాలి, మరొకటి కాస్త తక్కువ వెలగాలి. ఆ రెంటి తరగతులు 8.0, 8.5 అనుకోండి. మీ నక్షత్రం వాటి మధ్యలో ఉండి, మసకదానికి కొంచెం దగ్గరగా తోస్తే 8.3 అని రాస్తారు. అంతే!

అయితే ఇందులో రెండు నియమాలున్నాయి. నిన్న ఎంత రాశామో చూసుకుని ఇవాళ రాయకూడదు. కన్ను చెప్పింది రాయాలి గాని, మనస్సు కోరింది రాయకూడదు. రెండవది, నక్షత్రం కనిపించకపోతే ఆ సంగతి కూడా రాయాలి. "ఫలానా తేదీన, ఫలానా గంటకు, 12వ తరగతి దాకా కనిపించింది గాని నా నక్షత్రం కనిపించలేదు" అన్న మాటకు చాలా విలువ ఉన్నది. పొంగు ఆ తేదీ తరవాతనే మొదలయిందని శాస్త్రజ్ఞులకు తెలిసేది దాని మూలానే. చూడకుండానే రాసిన అంకె ఒక్కటి ఉంటే, పుస్తకంలోని మిగతా అంకెలను కూడా ఎవరూ నమ్మరు.

పసి తారలను చూడటానికి టెలిస్కోపు కావాలి. కాని కన్నుకు తర్ఫీదు ఇవ్వటానికి ఏమీ అక్కర్లేదు. మార్గశిరం నుంచి మాఘం దాకా రాత్రి తొమ్మిది గంటలవేళ, చందమామ లేనప్పుడు, పెద్దవారిని వెంటబెట్టుకుని డాబా మీదికి వెళ్ళండి. నిజామాబాదు వీధి దీపాల వెలుగు కంట పడకుండా చూసుకోండి. చీకట్లో పావుగంట ఉంటే కళ్ళు అలవాటు పడతాయి. ఓరయన్‌లో ఎర్రగా ఉండే ఆర్ద్రను, దానికి పడమరగా ఉండే రోహిణిని చూడండి. ఏది ఎక్కువగా వెలుగుతున్నది? మామూలుగా ఆర్ద్రే ఎక్కువ. అయితే 2020 ఫిబ్రవరిలో అది రోహిణి కన్నా మసకబారి, ఓరయన్ రెండవ భుజం మీది బెల్లాట్రిక్స్ స్థాయికి దిగింది. ఆర్ద్ర పసి తార కాదు, వయసు మళ్ళినది. అది విడిచిన ధూళి దానికే అడ్డం వచ్చిందని శాస్త్రజ్ఞులు చెప్పారు. ఆ మార్పును వట్టి కళ్ళతో చూసినవాళ్ళు లోకమంతటా ఉన్నారు.

వారానికి ఒకసారి చూసి ఒక నోటుపుస్తకంలో రాయండి. తేదీ, గంట, తరగతి. మబ్బు పట్టిన రోజు "మబ్బు" అని రాయండి. ఒక శీతాకాలం పాటు ఇలా రాసి, ఆ అంకెలను గీతల కాగితం మీద చుక్కలుగా పెట్టి కలపండి. ఆ గీత ఎక్కడైనా వంగిందంటే, ఆకాశంలో ఏదో మారింది. దాన్ని చూసినవారు మీరు.